ఓఆర్‌ఎస్‌ అడిగితే ఏమిస్తున్నారు?

అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోచింగ్‌ తీసుకుంటున్న విద్యార్థికి రాత్రి నుంచి విరేచనాలు. పంజాగుట్టలో ఓ ఇంట్లో రెండేళ్ల పాపకు వాంతులు. ఇద్దరి కోసమూ మందుల షాపులో అడిగేది ఒకటే... ‘ఓఆర్‌ఎస్‌ ఇవ్వండి’ అని. ఆ మాటకు కొన్నేళ్లుగా రెండు రకాల సరుకు చేతికొచ్చింది. ఒకటి నీళ్లలో కలుపుకొనే పొడి. రెండోది పండ్ల రుచితో ఉండే తియ్యటి టెట్రా ప్యాక్‌. పేరు ఒకేలా ఉన్నా, కడుపులోకి వెళ్లాక అవి చేసే పని వేరు.

హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఈ తేడాపై ఏళ్ల తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం కూడా వేశారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో ఇలాంటి పానీయాలపై ఆంక్షలు పెట్టింది. జులైలోనే, ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు’ అని ముద్రిస్తే చాలంటూ సడలించింది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపును వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్‌ అనే మాట వాడకూడదు.

మరి అక్షరాలు మూడు తీసేస్తే సమస్య తీరినట్లేనా? దానికి ముందు కణంలోకి నీరు ఎలా వెళ్తుందో చూడాలి.

మాగాయ ఊట చెప్పే సంగతి

మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ఎండుద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. మన కణాల తీరూ ఇంతే. ఉప్పు, చక్కెర ఎటువైపు ఎక్కువగా ఉంటే నీరు అటు వెళ్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందుకే అది తాగితే దాహం తీరకపోగా ఒంట్లో నీరే తగ్గిపోతుంది. దీనికి భిన్నంగా, విరేచనాలతో ఉప్పు కోల్పోతున్నప్పుడు ఉత్త మంచినీళ్లే అదేపనిగా పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. మెదడు కణాలు ఉబ్బి ఫిట్స్‌ రావచ్చు.

చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజ్‌ జంటగా లోపలికి వెళ్లే దారి ఉంటుంది. వాటి వెంటే నీరూ వెళ్తుంది. విరేచనాల్లోనూ ఈ దారి చాలావరకు పనిచేస్తుంది. ఓఆర్‌ఎస్‌ కిటుకు అదే. లీటరుకు సోడియం 75, గ్లూకోజ్‌ 75 మిల్లీమోల్స్‌... రెండూ సమానం. మొత్తం గాఢత 245 మిల్లీఆస్మోల్స్‌. రక్తం గాఢత దాదాపు 290. ఓఆర్‌ఎస్‌ గాఢత కాస్త తక్కువ కాబట్టి నీరు సులువుగా ఒంటికి పడుతుంది.

చక్కెర ఎక్కువై, సోడియం తక్కువైన పానీయం తాగితే మాగాయ కథే. పేగులో మిగిలిన చక్కెర ఒంట్లోని నీటిని బయటికి లాగుతుంది. విరేచనాలు మరింత పెరుగుతాయి. కూల్‌డ్రింకుల్లో లీటరుకు 100 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. అసలైన ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్‌ 13.5 గ్రాములే!

ఈ సాదా పొడి విలువ 1971లోనే తేలింది. బంగ్లాదేశ్‌ యుద్ధకాలంలో బన్‌గావ్‌ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఉప్పు, గ్లూకోజ్‌ కలిపిన నీళ్లు తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి.

పేరు పోయినా ప్యాక్‌ పోలేదు

తాజా ఆదేశం అడ్డుకునేది పేరునే. అదే తియ్యటి పానీయం ఇంకో పేరుతో, అదే కౌంటర్‌లో కనిపించవచ్చు. కాబట్టి ఇంటికి తెచ్చేముందు చూసుకోవాల్సింది మీరే.

• ప్యాకెట్‌పై ‘ఓరల్‌ రీహైడ్రేషన్‌ సాల్ట్స్‌’, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి. లీటరుకు గ్లూకోజ్‌ 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్‌ 1.5, సిట్రేట్‌ 2.9 గ్రాములు ఉన్నాయో లేదో చూడండి.

• లీటరు ప్యాకెట్‌ను లీటరు నీటిలోనే, మొత్తం ఒకేసారి కలపండి. సగం పొడి, గ్లాసు నీళ్లు అంటే గాఢత మారిపోతుంది. పాలు, జ్యూస్‌, అదనపు చక్కెర కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి.

• విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50-100, పదేళ్లలోపు వారికి 100-200 మిల్లీలీటర్లు ఇవ్వండి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా పట్టండి. తల్లిపాలు, మామూలు ఆహారం ఆపొద్దు. డాక్టర్‌ సలహాతో జింక్‌ కూడా ఇవ్వాలి.

• ప్యాకెట్‌ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. తలకొట్టి కొలిచిన టీ చెంచాలే సుమా!

• మత్తుగా ఉండటం, కళ్లు లోతుకుపోవడం, తాగలేకపోవడం, మలంలో రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టర్‌ను అడిగాకే ఓఆర్‌ఎస్‌ తాగాలి. ఎండాకాలంలో సరదాగా రోజూ తాగే పానీయం కాదిది. రెండు పొడి ప్యాకెట్లు ముందే తెచ్చి ఇంట్లో ఉంచుకోండి. అర్ధరాత్రి కంగారులో ఏదో ఒకటి కొనే అవసరం రాదు.