డబ్బా పొడి కన్నా నీలం మాత్ర నయం

మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచింది. అప్పటి నుంచి మా హాస్టల్‌లో తెల్లారకముందే గ్రౌండ్‌కు పోయేవాళ్లు పెరిగారు. సంతోషమే. కానీ దాని వెంటే ప్రోటీన్ డబ్బాల మోజు కూడా వచ్చింది. పోలీసు ఈవెంట్స్‌కు తయారయ్యే అన్నలు నలుగురు కలిసి చందాలు వేసుకొని మరీ డబ్బా కొంటున్నారు. 2024 నవంబరులో పెరిగిన లెక్క ప్రకారం ఇంటర్, ఆపై చదివే హాస్టల్ విద్యార్థికి నెలకు మెస్ ఛార్జీ 2100 రూపాయలు. ఒక మనిషి నెల తిండి ఖర్చు ఒక్క డబ్బాలో పోతోందన్నమాట!

ఇంతకీ ఆ పొడులు పనిచేస్తాయా? శాస్త్రవేత్తలు ఇలాంటివాటిని ఎక్కువగా కదలని సైకిల్ మీద పరీక్షిస్తారు. ఎంత బలంతో తొక్కుతున్నారో దాని మీద కచ్చితంగా కొలవవచ్చు. కొన్ని పనిచేస్తాయన్నది నిజమే. 2009లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎనిమిది మంది యువకులకు ఆరు రోజులు రోజుకు అరలీటరు బీట్‌రూట్ రసం ఇచ్చారు. గట్టిగా తొక్కేటప్పుడు వాళ్లు అలసిపోయే సమయం సుమారు 16 శాతం వెనక్కి జరిగింది. అయితే బాగా శిక్షణ పొందినవాళ్లలో ఈ లాభం తక్కువ. కెఫీన్, క్రియాటిన్ కూడా పనిచేసేవాటిలోనే ఉన్నాయి. అవి కడుపు నిండా తిని, ఏళ్లకేళ్లు శిక్షణ చేసినవాళ్లకు చివరి ఒకటి రెండు సెకన్ల కోసం. మన కొరత అక్కడ లేదు.

మన కొరత రక్తంలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి, మగపిల్లల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కండరానికి ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. ఇనుము లేకుంటే అది తయారు కాదు. అది తక్కువైతే రెండో రౌండుకే ఆయాసం వస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో ఒక ఫలితం ప్రకటించారు. రక్తహీనత ఇంకా రాకపోయినా ఇనుము నిల్వలు తగ్గిన యువతులకు ఆరు వారాలు ఇనుము మాత్రలు ఇచ్చి, సైకిల్ శిక్షణ ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకొని అదే శిక్షణ పొందినవాళ్లకన్నా వీళ్లు 15 కిలోమీటర్ల సైకిల్ పరీక్షలో ఎక్కువ మెరుగుపడ్డారు.

ఆ ఇనుము మనకు ఉచితంగానే వస్తోంది. వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. దాన్ని కొందరు వికారం వస్తుందని కిటికీలోంచి విసిరేస్తున్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుంది. దాని మీద చాయ్ మాత్రం తాగవద్దు. చాయ్‌లోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ, ఉసిరికాయ పట్టేటట్టు చేస్తాయి. మంచిదన్నారు కదా అని రోజుకు నాలుగు మింగడం ప్రమాదం. ఇనుము సరిపడా ఉన్నవాళ్లకు అదనంగా వచ్చే వేగమేమీ లేదు.

ప్రోటీన్ మాట కూడా చెప్పాలి. కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార నియమాల్లోనే ఉంది. పైగా డబ్బాలో ఏముందో ఎవరికెరుక? 2000-01లో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే, సుమారు 15 శాతంలో లేబుల్ మీద రాయని నిషిద్ధ హార్మోన్లు దొరికాయి. గుడ్డు మీద లేబులే ఉండదు!

అయితే తప్పంతా పిల్లల మీద నెట్టడం మాకిష్టం లేదు. మెనూ బోర్డు మీద గుడ్డు ఉండి పళ్లెంలో లేని రోజున కుర్రాడు డబ్బా వైపే చూస్తాడు. అందుకే మేము అడిగేది మూడే. బోర్డు మీద రాసిన గుడ్డు, పల్లీలు పళ్లెంలోకి రావాలి. మాత్ర ఇచ్చే రోజు పప్పులోకి ఒక నిమ్మచెక్క ఇవ్వాలి. ఆటల పోటీలకు నెల ముందు పీహెచ్‌సీ నుంచి ఎవరైనా వచ్చి అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. వార్షికోత్సవానికి వచ్చే అధికారులకు ఈ కాగితం అందజేస్తాం.