షోకేసు సంగతి తర్వాత, ముందు ఆ బిస్కెట్ డబ్బా

పెదనాన్నగారు అమెరికా నుంచి తెచ్చిన కోడాక్ ఇన్‌స్టమాటిక్‌ని జయనగర్ ఇంటి హాల్లో షోకేసులో పెడదామని పిల్లలు పట్టుబడుతున్నారు. పెట్టుకోండి, మేం అడ్డం రాం. మా బెంగంతా దాని పక్కనున్న బిస్కెట్ డబ్బా గురించే.

కెమెరాని తీసిపారేయడం లేదు. 1963లో అది వచ్చేదాకా ఫిల్ము ఎక్కించడమంటే ఇంట్లో ఒకరిద్దరికే తెలిసిన విద్య. కోడాక్ వాళ్ళు ఫిల్మును 126 అనే ప్లాస్టిక్ డబ్బీలో బిగించేశారు. వెనక మూత తీసి డబ్బీ పడేస్తే చాలు. చివర్లో వెనక్కి చుట్టే పని కూడా లేదు. 1970కల్లా అయిదు కోట్లకు పైగా అమ్ముడయ్యాయట. మా ఇంట్లో ఆడవాళ్ళు ఫోటోలు తియ్యడం మొదలైంది దాంతోనే. స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్న మొహాలు పోయి, మిద్దె మీద వడియాలు పెడుతున్న మనుషులు కనిపించిందీ అప్పుడే. ఆ ఫిల్మును 1999లో ఆపేశారు కాబట్టి ఇప్పుడది ఉత్త బొమ్మ. బొమ్మకి తొందరేముంది?

తొందర రంగులకి. ఆ కాలపు కలర్ ప్రింట్లు చూడండి, అందరూ ఎర్రబారిపోయారు. తాతగారి పెళ్ళి ఫోటో, నలుపు తెలుపుది, వెండి కాబట్టి నిక్షేపంలా ఉంది. డబ్బాలో ఉన్న కోడాక్రోమ్ స్లైడ్లూ అంతే. లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్ ముందు అత్తయ్యగారి పట్టుచీర నిన్న కట్టినట్టుంది! ఆ ఫిల్ములో రంగులు కడిగేటప్పుడు బయటినుంచి ఎక్కుతాయి, అందుకే చీకట్లో ఉంచితే దశాబ్దాలు నిలుస్తాయి. ప్రొజెక్టరు వెలుగు మాత్రం వాటికి పడదు. బెంగళూరు వానాకాలపు చెమ్మకి బూజూ పడుతుంది.

డబ్బాలో కడగని కార్ట్రిడ్జ్ ఒకటి మిగిలింది. కోడాక్రోమ్ కడిగే ఆఖరి ల్యాబు, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పార్సన్స్‌లోది, 2010 డిసెంబరు 30తో రోళ్ళు తీసుకోవడం మానేసింది. ఇక దాంట్లోంచి రంగులు రావు. అదృష్టం బాగుంటే నలుపు తెలుపులో ఏదో నీడ రావచ్చు, అంతే.

మిగతా స్లైడ్లకి ఆ గతి పట్టలేదు. కానీ అట్టల మీద ఒక్క పేరూ రాసిలేదు. అందులో ఉన్నవాళ్ళని గుర్తుపట్టగలిగేది ఇప్పుడు అత్తయ్యగారొక్కరే, ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. దసరాకి వచ్చేవాళ్ళు స్కానరొకటి పట్టుకొస్తే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పక్కన కూచుని ఒక్కొక్కటే చూపించి పేర్లు రాసుకుందాం.