లోడు మీద నుంచి పడిన క్లీనరు: విశ్రాంతి ఖర్చు ఎవరిది?

వరంగల్లు: లారీ కార్మికుల సంగతి ఈ మధ్య కాలంలో నలుగురి నోళ్లలో నానింది రెండు సందర్భాల్లో. 2024 జనవరి మొదట్లో, ప్రమాదం చేసి పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు అన్న సెక్షనుకు వ్యతిరేకంగా దేశంలో పలుచోట్ల లారీలు ఆగిపోయాయి. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. కేంద్రం మెత్తబడింది. ఆ ఏడాది జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు. రెండవది, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ వుండి తీరాలన్న నిబంధన. రెండూ స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి సంబంధించినవే. బస్తాల మీదికెక్కి మోకులు బిగించే మనిషి ఊసు రెండింటిలోనూ లేదు.

ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిర్చి తెచ్చే రైతులకు ఈ పని కొత్త కాదు. హమాలీలు బస్తాలు వేసి దిగిపోతారు. ఆ తర్వాత పైకి ఎక్కేది క్లీనరు. టైరు మీద ఒక కాలు, డాలా మీద ఒక కాలు వేసి, చేతికందిన మోకు పట్టుకొని పాకుతాడు. నిచ్చెన వుండదు. పైకి చేరేసరికి నేల నుంచి 12, 13 అడుగులు. అక్కడ పట్టా పరచి, మోకులు ఇటు నుంచి అటు విసిరి, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగి బిగించాలి. ప్రమాదమంతా ఆ లాగడంలోనే వుంది. మోకు పాతదై తెగినా, ముడి జారినా మనిషి వెల్లకిలా పడతాడు. మంచు కురిసిన రాత్రి పట్టా జారుతుంది. వాన పడితే చెప్పనక్కరలేదు. వరి కోతలప్పుడు ఊళ్లోని కొనుగోలు కేంద్రం దగ్గర ధాన్యం లారీ కట్టేటప్పుడు కూడా జరిగేది ఇదే. లారీల మీద పోయేది ఎక్కువగా మన పల్లెల పిల్లలే. పదో తరగతి తప్పినవాడు, భూమి లేనివాడు, డ్రైవింగు నేర్చుకోవాలనే ఆశతో క్లీనరుగా ఎక్కుతాడు.

నిలువున పడితే ముందు దెబ్బ తినేది మడమ ఎముక. అలా మడమ విరిగినవారిలో సుమారు పదిమందికి ఒకరికి వెన్నెముకలో కూడా పగులు వుంటుందని ఎముకల వైద్యులు చెబుతారు. మడమ నొప్పి భరించరానిది కనుక నడుము సంగతి ఎవరూ పట్టించుకోరు. చేతులు అడ్డం పెట్టి పడితే మణికట్టు విరుగుతుంది. మడమ విరిగితే ఆరు నుంచి పన్నెండు వారాల దాకా ఆ కాలి మీద బరువు మోపరాదు. వెన్నెముక పగులు చిన్నదైనా దాదాపు మూడు నెలలు బరువులెత్తడం, కుదుపుల బండిలో కూర్చోవడం పనికిరాదు.

ఇంటి దగ్గర పడినవాడిని ఎం.జి.ఎం. ఆస్పత్రికి తీసుకుపోయేవారు వుంటారు. దారిలో పడినవాడి గతి వేరు. మిర్చి లోడు నాగపూరు దాటినాక ఏ ధాబా దగ్గరో మోకు సడలిందని పైకెక్కి జారి పడితే, చుట్టూ వుండేది భాష రాని ఊరు. సరుకు ఫలానా గంటకు చేరాలి. డ్రైవరు ఒక్కడే. తోటి డ్రైవర్లు జాలిపడి నలుగురూ చేతులు, కాళ్లు పట్టి లేపి క్యాబిన్‌లోకి ఎక్కిస్తారు. వారి మంచితనాన్ని తప్పు పట్టలేము గాని, వెన్నెముక విరిగిన మనిషిని అలా వంచి ఎత్తితే నరం నలిగి కాళ్లు పడిపోయే ప్రమాదం వుంది. మెడ, నడుము కదలకుండా బల్ల మీద పడుకోబెట్టి మోయాలి. బల్ల దొరకకపోతే అంబులెన్సు వచ్చేదాకా కదపకపోవడమే మేలు. జాతీయ రహదారి మీద 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ నంబరు తెలియని లారీవాళ్లు ఇప్పటికీ చాలామందే.

చెన్నై వైపు పోయే లారీవాళ్లకు పుత్తూరు కట్టు ఒకటుంది. తిరుపతి దాటినాక రోడ్డు పక్కనే కనుక బండి ఆపి కట్టు కట్టించుకొని మళ్లీ ఎక్కుతారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలతో వేసే ఆ కట్టుకు తరతరాల పేరుంది. చిన్న విరుపులకు అది పనిచేసిందనేవారు ఎందరో వున్నారు. అయితే ముక్కలైన మడమకు, వెన్నెముకకు ముందు ఎక్స్‌రే, అవసరమైతే స్కానింగు తీయించకుండా ఏ కట్టూ కట్టించరాదు.

కట్టు ఏదైనా, ఆపరేషను ఎక్కడైనా, ఆ తర్వాత అసలు మందు విశ్రాంతి. చిక్కంతా అక్కడే వచ్చి పడుతోంది. క్లీనరుకు నెల జీతం కంటే ట్రిప్పు బత్తా మీద బతుకు ఎక్కువ. బండి కదిలితేనే బత్తా. తిండి రోడ్డు మీద, పడక క్యాబిన్‌లో లేదా బండి కింద. ఇంటికి వచ్చి మంచాన పడితే ఆ రోజు నుంచే రాబడి సున్నా. ‘కాలు నయమయినంక రా, నీ జాగ నీకే ఉంటది’ అన్న ఓనరు మాట నిజమే కావచ్చు, కాని దానితో బియ్యం రావు. నాలుగో వారానికే నొప్పి బిళ్లలు మింగి బండి ఎక్కేవారు అందుకే ఎక్కుతున్నారు. డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు వారాల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంకా గట్టి నొప్పి మందులు కొన్ని మత్తు తెస్తాయి. ఎడమ కాలు సరిగ్గా పనిచేయనివాడు క్లచ్చు తొక్కుతూ, నిద్రమత్తులో రాత్రిపూట నడిపితే ఎదురుగా వచ్చే ఆటోలోని కూలీలకు కూడా అది ప్రమాదమే.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే వున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. అది ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది, ఇంటి ఖర్చు కాదు. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతాలో కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా వుంది. మనిషి చనిపోతే 2 లక్షలు, ఒక కాలో చెయ్యో శాశ్వతంగా పోతే లక్ష ఇస్తారు. విరిగి అతుక్కున్న కాలికి పైసా రాదు. ఈ.ఎస్.ఐ. కింద అయితే జబ్బు పడిన రోజులకు భత్యం వస్తుంది గాని, పదిమంది పనివారున్న సంస్థలకే అది వర్తిస్తుంది. ఫైనాన్సులో ఒకటో రెండో బండ్లు తెచ్చి నడుపుకొనే ఓనరు దాని కిందికి ఎక్కడ వస్తాడు? చావుకు ఇంత, పోయిన కాలుకు ఇంత అని లెక్క కట్టినవారు, బాగయ్యే కాలుకు కావలసిన మూడు నెలల గంజి ఖర్చును లెక్కలోకి తీసుకోలేదు.

ఆ లెక్క తీసుకున్న చట్టం ఒక్కటుంది, అదీ చాలా పాతది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. మోటారు వాహనం నడపడం, మరమ్మతు చేయడమే గాక సరుకు ఎక్కించడం, దించడం కూడా దాని పట్టికలో వున్నాయి. క్యాజువల్ పనివాడికి వర్తించదన్న మెలికను 2000లో తీసేశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఈ చట్టాన్ని కలిపినా పరిహారం భాగం కొనసాగుతోంది. దాని ప్రకారం పనిలో దెబ్బ తగిలి కొంతకాలం పని చేయలేనివాడికి యజమాని పదిహేను రోజులకొకసారి నెల జీతంలో నాలుగో వంతు ఇవ్వాలి. నెలకు 12 వేలు సంపాదించేవాడికి పక్షానికి 3 వేలు, నెలకు 6 వేలు. సగం జీతమే అయినా ఇల్లు నడవడానికి ఆసరా. వైద్యం ఖర్చు కూడా యజమానిదే.

మరి ఎందుకు అడగరు? అడిగితే మళ్లీ బండి ఎక్కనివ్వరన్న భయం ఒకటి. ఓనరు ఊరివాడో, బంధువో కావడం మరొకటి. అతడు కూడా కిస్తీలు కట్టలేక నలిగిపోయేవాడే కనుక అతడి మీద కేసు పెట్టడం బాగుండదనుకుంటారు. ఇక్కడ పొరపాటు అవగాహన వుంది. లారీ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి డ్రైవరు, క్లీనరు బాధ్యతను పాలసీలో రాయించుకోవచ్చు. అప్పుడు ఆ భారాన్ని బీమా కంపెనీ మోసే వీలుంది. ఓనర్లకు ఈ మాట ఏజెంట్లు చెప్పాలి. చెప్పేవారు తక్కువ.

మరో మెలిక మద్యం. తాగి పడ్డాడని తేలితే ఇటువంటి తాత్కాలిక దెబ్బలకు పరిహారం రాదు. లోడు కట్టకముందు ఒంటి నొప్పులకని పుచ్చుకునే అలవాటు కొందరికి వుంది. ఇది దాచి ప్రయోజనం లేదు.

ఎక్కడ పడితే అక్కడే కేసు వేయాలేమో, నాగపూరు చుట్టూ ఎవరు తిరుగుతారన్న బెంగ కూడా వుంది. ఆ అవసరం లేదు. పడిన చోటే గాక, తాను నివసించే చోట వున్న కార్మిక శాఖ కమిషనరు ముందు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. గడువు రెండేళ్లు. కావలసినవల్లా పని మీద వుండగా పడ్డాడనే రుజువు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ‘కింద పడ్డాడు’ అని మాత్రమే రాయిస్తే అది ఇంటి మెట్ల మీద పడినదానితో సమానమవుతుంది. లారీ నంబరు చెప్పి, సరుకు కడుతుండగా లోడు మీద నుంచి పడ్డాడని మొదటి రోజే రాయించాలి. అదే రోజు ఓనరుకు ఫోనులో మెసేజి పెట్టినా అది కాగితం లెక్కకే వస్తుంది.

అసలు పడకుండా చూసే దారి కూడా లేకపోలేదు. ఇంగ్లండు వంటి దేశాల్లో నేల మీద నిలబడే పట్టా కప్పే ఏర్పాట్లు చాలా లారీలకు వున్నాయి. మన దగ్గర అంత ఖర్చు ఇప్పట్లో జరిగే పని కాదు. లోడు కట్టేచోట పైన ఒక ఇనుప తీగ, దానికి నడుముకు తగిలించుకునే బెల్టు, ఎక్కడానికి ఒక నిచ్చెన. ఇవి మార్కెట్టు కమిటీలు, పెద్ద గోదాముల వారు తలచుకుంటే పెట్టగలిగినవే. దానికంటే ముందు, ఒక్క పైసా ఖర్చు లేని పని ఒకటి మిగిలి వుంది. సరుకు రశీదు మీద లారీ నంబరు వుంటుంది, డ్రైవరు పేరు వుంటుంది. క్లీనరు పేరు వుండదు. గేటు దగ్గర ఆ పేరు కూడా రాసుకుంటే, ఆ రోజు ఆ లోడు మీద ఎవరున్నారో తర్వాత ఎవరూ కాదనలేరు.