బుగ్యాల్‌లో గుడారాలు వద్దు

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ కుర్రకారు ఉత్తరాఖండ్ ట్రెక్కులకు బుకింగులు మొదలుపెడతారు. మన పిల్లలు హిమాలయాలెక్కడం నాకు సంతోషమే. ఒక్క విషయంలో మాత్రం వాళ్లతో పేచీ ఉంది.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన పరుచుకున్న పచ్చిక బయళ్లలో, రాత్రి బసను నిషేధించింది. సందర్శకులు రెండు వందల మందికి మించరాదంది. బేద్నీ బుగ్యాల్ మీదుగా సాగే రూప్‌కుండ్ ట్రెక్కు దాంతో ఆగిపోయింది. "పదిహేను మందిమి ఒక్క రాత్రి పడుకుంటే గడ్డి చస్తుందా?" అని ట్రెక్కర్లు ఇప్పటికీ విసుక్కుంటారు.

గడ్డి తట్టుకోవచ్చు. దాని మొగ్గ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. తట్టుకోలేనిది పక్కనున్న పొద. మూడున్నర వేల మీటర్ల ఎత్తున మంచు కరిగి మళ్లీ పడేలోగా మొక్కకు దొరికేది కొద్ది నెలలే. మోకాలెత్తు దాటని రోడోడెండ్రాన్, నేలబారు జూనిపర్ ఆ కాస్త గడువులోనే చిగురు వేసి, పూసి, కాండానికి ఒక వలయం కలప చేర్చుకోవాలి. ఆ వలయం మందం చాలాసార్లు మిల్లీమీటరులో చిన్న భాగమే. బొటనవేలంత లావున్న కొమ్మకు మన తాతల వయసు ఉండొచ్చు. దాని మొగ్గలు మట్టిలో దాక్కోవు, కొమ్మల చివర్నే ఉంటాయి. బూటు కింద విరిగిన కొమ్మతోపాటు రాబోయే ఏళ్ల పెరుగుదలా పోతుంది. మన వంజంగి కొండ మీద విరిగిన కొమ్మ వానలు పడగానే చిగురిస్తుంది కదా అని అక్కడా అదే లెక్క వేసుకుంటే పొరపాటు.

ఇక వేళ్ల సంగతి. తొక్కుడుకు మట్టి గట్టిపడితే నీరు ఇంకదు, వేళ్లకు గాలి అందదు. ఇంకని నీరు బాటనే కాలువ చేసుకుని మట్టిని కోసుకుపోతుంది. వేరు బయటపడుతుంది. మట్టిలో ఉన్నంతకాలం వేరు కలపలో కణాలు పెద్దవిగా, పలచని గోడలతో ఉంటాయి. వెలుగులోకి వచ్చాక అవి చిన్నవవుతాయి, కాండంలో మాదిరిగా వలయాలు స్పష్టంగా పడతాయి. బూట్లూ గిట్టలూ రాసుకుని బెరడు లేచినచోట మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ తర్వాతి వలయాలు లెక్కపెడితే దెబ్బ ఏ సంవత్సరం తగిలిందో తేలిపోతుంది. కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్‌లో వేల ఏళ్ల వయసున్న బ్రిసిల్‌కోన్ పైన్ల వేళ్లను పరిశీలించి వాల్మోర్ లమార్ష్ అనే శాస్త్రవేత్త 1960లలో అక్కడి కొండవాలు ఎంత వేగంగా అరుగుతోందో లెక్కగట్టాడు. అక్కడ అరగదీసింది ప్రకృతే. తర్వాత స్పెయిన్‌లోని గ్వాదర్రామా కొండల్లో, జనం నడిచే సెండా ష్మిట్ బాట మీద, శాస్త్రవేత్తలు పైన్ వేళ్లతోనే నేలకోతను కొలిచారు. ఎవరూ చూడలేదని మనం అనుకున్న అడుగుకు కూడా కలపలో తేదీ పడుతోందన్నమాట.

తొక్కుడు మీద ప్రయోగాలు చేసినవాళ్లు చెప్పే మాట ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. ఎవరూ నడవని నేలకు ఎక్కువ నష్టం చేసేది మొదటి కొద్ది అడుగులే. ఆ తర్వాత ఎందరు నడిచినా అదనంగా జరిగే నష్టం తగ్గుతూ వస్తుంది. బురద తప్పించుకోవడానికో, ఫొటో కోసమో బాట దిగి పక్కన నడిచేవాడు, బాట మీద వెళ్లే వంద మందికన్నా ఎక్కువ చెరుపు చేయగలడు. విడివిడిగా నడిస్తే భారం పంచుకున్నట్టే అనుకుంటాం. అక్కడ దానివల్ల బాటలే పెరుగుతాయి.

బుగ్యాల్‌ను పాడుచేస్తున్నది ట్రెక్కర్లొక్కరే కాదు. కీడాజడీ అనే ఔషధ శిలీంధ్రం కోసం తవ్వకాలున్నాయి, పశువుల మేత ఉంది. నిషేధంతో లోహాజంగ్, వాన్ గ్రామాల గైడ్లకు, కంచరగాడిదల వాళ్లకు పని తగ్గింది. ఆ కష్టం నిజం. దానికి మందు బస కిందికి దించడమే. గుడారాలు చెట్ల ఎత్తుకు దిగువన, ఊళ్ల దగ్గర ఉంటే డబ్బు కూడా ఆ ఊళ్లలోనే మిగులుతుంది.

చెడినదాన్ని బాగుచేయడం ఎంత పనో చూడాలంటే దయారా బుగ్యాల్‌కు వెళ్లాలి. కోతపడ్డ వాలు మీద అటవీశాఖ కొబ్బరిపీచు చాపలు పరిచి, పైన్ ఆకులతో, వెదురుతో అడ్డుకట్టలు వేసింది. గంగోత్రి పైన భోజ్‌బాసాలో కట్టెల కోసం నరికేసిన భూర్జవృక్షాల చోట పర్వతారోహకురాలు హర్షవంతి బిష్త్ మళ్లీ మొక్కలు నాటించారు. ఆ ఎత్తున మొక్క మాను కావడానికి ఒక మనిషి జీవితకాలం చాలకపోవచ్చు.

కాబట్టి ఈసారి డబ్బు కట్టేముందు నిర్వాహకుణ్ణి నాలుగు ప్రశ్నలు అడగండి. టెంట్లు చెట్ల ఎత్తుకు కిందా, పైనా? వంట గ్యాస్ మీదా, కట్టెల మీదా? క్యాంప్‌ఫైర్ వేస్తారా? బాట బురదగా ఉంటే ఎటు నడిపిస్తారు? చివరిదానికి "పక్కనుంచి" అంటే వేరే నిర్వాహకుణ్ణి వెతుక్కోండి.