ఖరాబు ఎవరికి?

హవాయిలోని కవాయి దీవి అడవుల్లో ‘ఓఓ’ అనే పాటపిట్ట ఉండేది. అడవి తగ్గింది. బయటినుంచి ఎలుకలొచ్చాయి, దోమలొచ్చాయి, దోమలతో రోగమొచ్చింది. 1987 తర్వాత దాని గొంతు ఎవరికీ వినబడలేదు. పోవడానికి దానికి వేరే చోటు లేదు.

అంత దూరం సంగతి మనకెందుకు అంటారేమో. మన సీమలోనూ దీవులున్నాయి. చుట్టూ నీళ్ళకు బదులు శనక్కాయ చేలు, నడుమ బండరాళ్ళ కొండ, అంతే. అలాంటి కొండల తుప్పల్లో బతికే పిట్ట పసుపు గొంతు పిగిలి. తల, గొంతు పసుపు, రొమ్ము బూడిద రంగు. ప్రపంచం మొత్తంలో దక్షిణ భారతంలోనే ఉంటుంది. నంది కొండ, హార్స్‌లీ కొండలు, మన తుమకూరు జిల్లాలోని దేవరాయనదుర్గ దానికి నెలవులు. ఐయూసీఎన్ దీన్ని ముప్పు ఉన్న పక్షుల్లో చేర్చింది.

ఈ పిట్టకు దట్టమైన అడవి అక్కరలేదు. బండా, పొదా ఉంటే చాలు. పండ్లు తిని, విత్తనాలు రాళ్ళ సందుల్లో వేస్తుంది. అవే మళ్ళీ పొదలవుతాయి. కానీ పహణీలో అలాంటి నేలను ‘ఖరాబు’ అని రాస్తారు. ఆ మాట చదివాక క్వారీ పెట్టినా, నిప్పు పెట్టినా తప్పనిపించదు. పచ్చదనం పేరుతో నీలగిరి చెట్లు నాటినా పిగిలికి లాభం లేదు, దాని పొద పోయినట్టే.

జల్లి వద్దని నేను అనను. మన ఇళ్ళూ దాంతోనే కట్టారు, క్రషర్లో కూలికి పోయేవాళ్ళూ మనవాళ్ళే. ఇప్పటికే తవ్విన కొండనే తవ్వండి, పొద మిగిలిన కొండను ముట్టుకోకండి అంటున్నాను. తవ్విన కొండ మళ్ళీ మొలవదు కదా!

తెలుగు శాఖ గోడ మీద పిట్ట గోల ఏమిటంటే, దీని పేరు మన భాషలోనే ఉంది. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1862-64లో అచ్చయిన తన పక్షుల పుస్తకంలో ‘కొండ పొద పిగిలి’ అనే తెలుగు పేరు రాసిపెట్టాడు. కొండ, పొద, పిట్ట, మూడూ ఒకే పేరులో ఉన్నాయి. కన్నడంలో ఈ జాతిని పికళార అంటారు. మా ఇంట్లో రెండు భాషలూ ఆడతాం, అయినా ఈ రెండు పేర్లూ నేను పుస్తకంలోనే నేర్చుకోవాల్సి వచ్చింది.

అందుకే ఒక మాట. అవ్వల్ని, తాతల్ని, గొర్రెలు కాసేవాళ్ళని అడిగి, తలా ఒక కొండపిట్ట పేరు తెలుగులోనో కన్నడంలోనో రాసుకొని రండి. వచ్చే సంచికలో ఒక మూల వాటికి ఇద్దాం. పేరు తెలిసినవాళ్ళు ఆ కొండను ఖరాబు అనడానికి కాస్త ఆలోచిస్తారు.

— రెండో సంవత్సరం బి.ఏ. విద్యార్థిని