వీసా వచ్చిందని స్తోత్రం చెప్పే ముందు



ఎండాకాలం వచ్చిందంటే మా ప్రార్థన చీటీల్లో ఒక మనవి ఎక్కువవుతుంది. "మా బాబుకు వీసా స్లాట్ దొరకాలి." "మా పాపకు ఐ-20 రావాలి." "ఇంటర్వ్యూలో ఆఫీసరు కనికరించాలి." ప్రొద్దుటూరు నుండి, జమ్మలమడుగు నుండి, పులివెందుల నుండి వచ్చేది ఇదే మనవి. పులివెందుల జేఎన్‌టీయూలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివిన పిల్లలు ఇప్పుడు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ల తాతలు కూలికి పోయినవాళ్లు. ఆ మేలుకు దేవునికి స్తోత్రం.

దూరదేశం పోవడం తప్పని మేము చెప్పడం లేదు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో మన పెద్దలకు వైద్యం చేసిన మిషనరీ డాక్టర్లు సముద్రం దాటి వచ్చినవాళ్లే. మన జిల్లా తల్లులు ఎందరో కువైట్‌లో పరాయి ఇళ్లలో పని చేసి బిడ్డలను చదివించారు. అంబేద్కర్ గారు 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో అమెరికా పోయి కొలంబియాలో చదివారు. పోవడం మంచిదే. ఎట్లా పోతున్నాం అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ విషయంలో మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తండ్రి ఫైలు పట్టుకుని వచ్చాడు. ఊరు, పేరు చెప్పం. కొడుకు ఖాతాలో చూపిన డబ్బు తమది కాదని ఆయనే చెప్పాడు. ఎవరో కమీషన్ తీసుకుని కొన్ని రోజులకు వేశారు, పని కాగానే వెనక్కి తీసుకుంటారు. "అందరూ ఇట్లే చేస్తాండారయ్యా, మీరు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే చాలు" అన్నాడు. మేము చేతులుంచాం. వీసా వచ్చింది. గుడి ముందు ఫ్లెక్సీ కట్టాం, సాక్ష్యం చెప్పించాం, బిర్యానీ తిన్నాం. కృతజ్ఞతార్పణ కవరు ఇస్తే అదీ తీసుకున్నాం.

ఈరోజు ఆ తండ్రి చీనీ తోట తాకట్టులో ఉంది. బయట తెచ్చిన ఇరవై లక్షలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 40 వేలు, ఏడాదికి 4 లక్షల 80 వేలు, అసలు అట్లే ఉంటుంది. అక్కడ పిల్లవాడు రాత్రిళ్లు ఒక దుకాణంలో పని చేస్తున్నాడు. అతని వీసాకు ఆ పని చేసే అనుమతి లేదు. ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తడు. మొన్న ఆ తండ్రి మమ్మల్ని అడిగాడు: "మీరు ప్రార్థన చేసినారు గదయ్యా, దేవుడు ఎందుకిట్ల చేసినాడు?" మాకు నోట మాట రాలేదు. చేసింది దేవుడు కాదు. అడగవలసిన లెక్క అడగకుండా చేతులుంచింది మేమే.

ప్రియులారా, వీసా అంటే ఒక ఆఫీసరు తీసుకున్న నిర్ణయం. వస్తే దేవుడు ముద్ర వేసినట్టు కాదు, రాకపోతే దేవుడు తోసివేసినట్టూ కాదు. రెండుసార్లు తిరస్కరించబడి, ముఖం చెల్లక గుడికి రావడం మానేసిన పిల్లలు మాకు తెలుసు. వాళ్ల ముఖం చెల్లకుండా చేసింది మన ఫ్లెక్సీలే.

దానియేలు కూడా పరదేశంలో చదివినవాడే. మూడేళ్లు కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు. తన మనస్సాక్షికి ఇబ్బంది వచ్చినప్పుడు చాటుగా ఏదో చేసుకోలేదు. పైవాడి దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి, పది దినాల గడువు అడిగాడు. అబద్ధపు కాగితంతో మొదలైన ప్రయాణంలో ఆ ధైర్యం మిగలదు.

ప్రభువు చెప్పిన గోపురం ఉపమానం లూకా 14లో చదవండి. అందులో కూర్చుని లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు, బుద్ధి. మరి మనమూ లెక్క చూద్దాం. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. ఇవి చిన్నవి. పెద్దది ఇది: అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి కాలేజీ జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు. "పార్ట్ టైం చేసి అప్పు తీరుస్తాడులే" అనే మాట మీదనే మన ఇళ్లు తాకట్టు పడుతున్నాయి. ఆ మాట నిలబడదు.

కాలేజీనీ పరిశీలించాలి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడితే కొందరు మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అక్కడ పంతుళ్లు లేరు, తరగతులు లేవు. దాన్ని రహస్యంగా నడిపింది ఆ దేశపు ప్రభుత్వ అధికారులే, అధికారిక జాబితాలోనూ దాని పేరు ఉండింది. కాబట్టి జాబితాలో పేరుంటే చాలదు. అక్కడ చదువుతున్న మన పిల్లలతో మాట్లాడి, తరగతులు నిజంగా జరుగుతున్నాయా అని అడిగి తెలుసుకోండి.

ఇకమీదట మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేతులుంచే ముందు ఆ కుటుంబంతో ఒక సాయంత్రం కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చుంటాం. డబ్బు ఎవరిది, వడ్డీ ఎంత, ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారు అని అడుగుతాం. పిల్లవాడి ఎదుటే అడుగుతాం. కాగితాల్లో అబద్ధం ఉంటే ఆ ఫైలు మీద ప్రార్థన చేయం. పిల్లవాడి కోసం మాత్రం తప్పక చేస్తాం. వీసా ఫ్లెక్సీలు ఇక కట్టం.

చివరిగా, ఇప్పటికే అక్కడున్న మా పిల్లలకు ఒక మాట. మీరు వెళ్లాక మా చూపు మీ డాలర్ల దశమభాగం మీద పడిన రోజులున్నాయి. క్షమించండి. ఇప్పుడు మేము ఫోన్ చేసేది కానుక కోసం కాదు. చిక్కులో పడితే భారత రాయబార కార్యాలయానికి చెప్పుకోండి, ఏపీఎన్ఆర్‌టీ వాళ్లకు చెప్పుకోండి, మాకూ చెప్పండి. అప్పు తీరకుండా తిరిగి వచ్చినా గుడి తలుపు మూయం. తప్పిపోయిన కుమారుడి తండ్రి కొడుకు చేతిలో డిగ్రీ ఉందా అని చూడలేదు. దూరంగా ఉండగానే గుర్తుపట్టి పరుగెత్తాడు.

ప్రభువు కృప మీకును మీ బిడ్డలకును తోడై ఉండును గాక. ఆమేన్.