కొట్లు పెంచడం కాదు, నిలబెట్టడం నేర్వాల

విశాఖ ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ కాడ దిగి డైమండ్ పార్క్ దాకా నడిసి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి కోచింగ్ కోసం వొచ్చిన మనోళ్ళే కనబడతారు. నోటిఫికేషన్ రాక, వొచ్చినా పోస్టు దక్కక, ఆఖరికి చాలామంది తేలేది రెండు చోట్లే. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ ఒకటి, డెలివరీ బండి రెండోది. ఇందులో కొందరికి ఊళ్ళో సొంత కిరాణా కొట్టు ఉంటాది. అయ్య ఇరవై ఏళ్ళు నడిపిన కొట్టు. దాన్ని రెండు చేద్దాం, నాలుగు చేద్దాం అన్న ఆలోచన మాత్రం ఇంట్లో ఎవులూ చెయ్యరు. పెద్ద కంపెనీలకే అది చెల్లుతాది అనుకుంటారు.

ఆ మాట నిజమో కాదో ముందు తేల్చుకుందాం.

మన తెలుగు నేల మీద పుట్టిన కొట్ల గొలుసులు ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర ఒకప్పుడు ఇంటింటా తెలిసిన పేరు. నూరు కొట్లు దాటినాది. 2007లో ఆదిత్య బిర్లా గ్రూప్ కొనీసినాది, బోర్డు మీద 'మోర్' అని పేరు మారిపోనాది. ఆ మోర్ కూడా 2018లో సమారా క్యాపిటల్, అమెజాన్ కలిసి నడిపే కంపెనీ చేతికి ఎల్లిపోనాది. కొట్టు అదే, పనిచేసే పిల్లలు వాళ్ళే, యజమాని మాత్రం పదకొండేళ్ళలో రెండుసార్లు మారినాడు.

రెండోది హెరిటేజ్. 1992లో చంద్రబాబు నాయుడు పెట్టిన కంపెనీ, నడిపేది ఆ కుటుంబమే. పాల వ్యాపారం పక్కన హెరిటేజ్ ఫ్రెష్ అని కొట్లు తెరిసినారు. 2016లో ఆ కొట్లన్నీ ఫ్యూచర్ రిటైల్‌కి అప్పజెప్పి, బదులుగా ఆ కంపెనీలో 3.65 శాతం వాటా తీసుకున్నారు. పాల వ్యాపారం మాత్రం వొదల్లేదు. తమ బలం ఎక్కడుందో ఎరిగి చేసిన పని అది.

కొనుక్కున్న ఫ్యూచర్ ఏటయినాది? కిశోర్ బియానీ కుటుంబం కట్టిన బిగ్ బజార్ దేశమంతా పాకినాది. అప్పు కూడా అంతే జోరుగా పాకినాది. కరోనాలో అమ్మకాలు పడిపోయేసరికి ఊపిరి ఆడలేదు. రిలయన్స్‌కి అమ్ముదామంటే అమెజాన్ కోర్టుకి ఎక్కినాది. 2022లో అద్దె బాకీ పడ్డ కొట్లు రిలయన్స్ చేతికి పోనాయి, అదే ఏడు కంపెనీ దివాలా విచారణకి వొచ్చినాది, 2024లో ఆస్తులు అమ్మీమని ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చినాది. వెయ్యికి పైగా కొట్లున్న గొలుసు అలగ తెగిపోనాది.

అదే దేశంలో ఇంకో దారి కూడా ఉన్నాది. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పవాయిలో మొదటి డీమార్ట్ తెరిసినాడు. 15 ఏళ్ళ తర్వాత, 2017లో షేర్ మార్కెట్‌కి వొచ్చిన నాటికి ఉన్నవి 130 దరిదాపు మాత్రమే. వీలైనంతవరకు స్థలం సొంతానికి కొన్నాడు. సరుకు ఇచ్చినోళ్ళకి డబ్బు తొందరగా కట్టి ధర తగ్గించుకున్నాడు. హైదరాబాద్‌లో 1987లో ఒక్క కొట్టుతో మొదలైన రత్నదీప్ కూడా కుటుంబం చేతిలోనే ఉండి వంద దాటినాది. తొందరపడ్డోడు పోనాడు, లెక్క చూసుకున్నోడు నిలబడ్డాడు.

డీమార్ట్ దమానీ అప్పటికే షేర్లలో ఆరితేరినోడు కదా, మనకేటి పోలిక అంటారా? సరే, మన లెక్కే వేద్దాం.

రోజుకి 15 వేలు అమ్మే కొట్టు అనుకుందాం. వందకి 10 మిగిలితే నెలకి 45 వేలు. అద్దె 8 వేలు, ఫ్రిజ్జుల కరెంటు 5 వేలు, సహాయకుడికి 12 వేలు తీసీండి. చేతికి 20 వేలు. ఇదే సైజులో రెండో కొట్టు పెడితే ఇంకో 20 వేలు వొస్తాయని ఆశ. కానీ అక్కడ అయ్య కూర్చోడు, జీతానికి మనిషిని పెట్టాల, 15 వేలు. 10 లక్షలు అప్పు తెస్తే నూటికి ఏడాదికి 12 చొప్పున నెల వడ్డీ 10 వేలు. అంటే రెండో కొట్టు నెలకి 5 వేలు నష్టం. అసలు కట్టడం, పాడైన సరుకు, అరువు ఎగ్గొట్టినోళ్ళు, ఇవేవీ ఇంకా లెక్కలో లేవు.

ఇప్పుడు రెండు కొట్లకీ కలిపి ఒకేసారి సరుకు కొన్నారనుకోండి. వందకి 10 బదులు 12 మిగిలితే ఒక్కో కొట్టుకి నెలకి 9 వేలు అదనం. నష్టంలో ఉన్నది 4 వేల లాభంలోకి వొస్తాది, పాత కొట్టు కూడా బలపడతాది. గొలుసు కొట్ల అసలు కిటుకు ఇదే. బోర్డుల సంఖ్యలో ఏమీ లేదు, కొనుగోలు ఒక్కటి చెయ్యడంలోనే ఉన్నాది. అందుకే రెండో కొట్టు దూరంగా మోజుపడ్డ చోట కాకుండా, ఒక్క వ్యానుతో రెండింటికీ సరుకు దింపగలిగే చోట పెట్టాల.

ఏ సరుకు ఎన్ని రోజులకి కదుల్తున్నాదో రాసుకోవడం రెండో కిటుకు. జపాన్‌లో 1974లో మొదటి సెవెన్ ఎలెవెన్ తెరిసింది కొత్త భవనంలో కాదు, టోక్యోలో ఒక కుటుంబం నడిపే చిన్న మద్యం దుకాణాన్నే మార్చినారు. జాగా చిన్నది, గోదాం లేదు. అందుకని దాన్ని నడిపించిన తోషిఫుమి సుజుకీ ఒక్కో వస్తువునీ విడిగా లెక్క చూసి, కదిలేదాన్నే కొద్ది కొద్దిగా తెప్పించే పద్ధతి పట్టినాడు. ఫోన్‌లో బిల్లింగ్ యాప్ పెట్టుకున్న మన కుర్రోడు ఇవాళ ఆ పని చెయ్యగలడు. అయ్యకి ఆ లెక్క మనసులో ఉంటాది. రెండో కొట్టు పెట్టేక మనసు చాలదు, పద్దు కావాల.

మూడోది గల్లా పెట్టె. పెళ్ళికి, పండక్కి, ఆస్పత్రికి అందులోంచే తీస్తే కొట్టు ఎప్పుడు నష్టంలో పడినాదో ఇంట్లో ఎవులికీ తెలీదు. ఇంట్లో పనిచేసే ప్రతి మనిషికీ నెల జీతం రాసీండి. అప్పుడే నిజం బయటపడతాది.

ఇక్కడ గట్టిగా ఒక మాట అడగాల. కుటుంబ వ్యాపారం అంటన్నాం, ఏ కుటుంబం? పొద్దున్న తలుపు తీసి ఊడిసేది అమ్మ. మధ్యాన్నం అయ్య పడుకుంటే కూర్చునేది కోడలు. లైసెన్సు మీద, బ్యాంకు ఖాతా మీద వాళ్ళ పేరు ఉండదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసినాది, ఢిల్లీకి 2005 దాకా పట్టినాది. అయినా రెండో కొట్టు మాటొస్తే కొడుకు పేరే తలుస్తారు. డ్వాక్రా సంఘంలో వాయిదా తప్పకుండా కట్టి, పుస్తకం రాసిన ఆడబిడ్డ ఇంట్లోనే ఉన్నాది. కొట్టు నడిపే మనిషి కోసం ఊరంతా ఎతకడం ఎందుకు?

పనోళ్ళ సంగతి కూడా అంతే. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు చట్టంలో రాసినాయి. కుర్చీ కోసం చట్టం కావాల్సి వొచ్చినాదంటే ఆ కౌంటర్ల వెనక కాళ్ళు ఎంత వాచినాయో ఊహించండి. మన దగ్గర 2025లో రోజు పని 10 గంటల దాకా పెంచే దిక్కుగా చట్టాలు మార్చినారు. మన కొట్టు పెద్దదయితే మనమూ ఆ పిల్లల్ని పన్నెండు గంటలు నిలబెడతామా? అలగైతే యజమాని కులం, ఊరు మారినాయి గాని పనోడి బతుకేం మారినాది?

ఇంట్లోవాళ్ళు ఎంత జాగ్రత్త పడినా బయట ఆట సమానంగా లేకపోతే చాలదు. నష్టానికి అమ్మి అలవాటు చేసే డబ్బు బ్లింకిట్, ఇన్‌స్టామార్ట్, జెప్టోల వెనక ఉన్నాదని, వాటి ధరల మీద దేశంలోని సరుకు పంపిణీదారుల సమాఖ్య 2024లో కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసినాది. చిన్న కొట్టుకి ముద్రా అప్పు పరిమితి 20 లక్షలకి పెంచినామని కేంద్రం చెప్తాది. కానీ 10 వేలు వడ్డీ కట్టేవోడు, వేల కోట్ల నష్టం భరించగలిగేవోడితో ధరల్లో పోటీ ఎలగ పడతాడు? ఈ ప్రశ్న ఒక్క కొట్టు వోడు అడిగితే ఎవులూ వినరు. మండలంలో పది కొట్లు కలిసి సరుకు కొనడం మొదలెడితే, ఆ పదిమందే కలిసి అడగగలరు కూడా.

ద్వారకా నగర్‌లో గది అద్దెకి నెలనెలా కట్టే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఉద్యోగానికి చదవొద్దని నేను చెప్పను. చదవండి. ఈ పండక్కి ఊరెళ్ళినప్పుడు మాత్రం ఒక పని చెయ్యండి. కొట్లో మూడు నెలల కొనుగోళ్ళు, అమ్మకాలు, అరువులు ఒక పుస్తకంలో ఎక్కించండి. అమ్మనీ చెల్లినీ పక్కన కూర్చోబెట్టుకోండి. రెండో కొట్టు కావాలో వద్దో ఆ పుస్తకం చెప్తాది. వద్దంటే ఉన్నదాన్నే బాగు చెయ్యండి, అందులో నామోషీ లేదు.